అర్మగాను కోట ఏమైంది?

కృష్ణపట్నం రేవు దాటి దక్షిణంగా మద్రాసు వైపు సాగే ఓడల సముద్రపటంలో 'అర్మగాన్ షోల్' అని ఒక పేరుంటుంది. తీరానికి అవతల నీళ్ల కింద ఉత్తర దక్షిణాలుగా మైళ్ల తరబడి పరుచుకున్న ఇసుక మేట అది. ఆ మేట మీదికి ఓడలు ఎక్కకుండా ఒడ్డున మోనపాళెం దగ్గర వెలిగే దీపస్తంభం పేరు కూడా అర్మగాన్ లైట్‌హౌసే. నీటి మీద ఇంత గట్టిగా నిలిచిన పేరుకు నేల మీద జాగా లేదు. నెల్లూరు తీరంలో ఏ మండలం జాబితా తిరగేసినా అర్మగాన్ అనే ఊరు తగలదు.

ఒకప్పుడు ఆ పేరుతో ఒక ఇల్లుండేది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ భారతదేశంలో మొట్టమొదట ఫిరంగులు ఎక్కించి కోటగా మార్చుకున్న ఇల్లని చరిత్రకారులు చెప్పేది దీన్నే. మద్రాసులో సెయింట్ జార్జి కోటకు పునాది పడేనాటికే దీనికి పన్నెండేళ్లు దాటాయి. ఆ మద్రాసు కోట ఈనాటికీ నిలిచి ఉంది. తమిళనాడు శాసనసభ అందులోనే నడుస్తోంది. దానికి అక్క వరుస అయిన నెల్లూరు తీరపు కోట మాత్రం ఇటుక కూడా మిగలకుండా పోయింది.

అసలు చిక్కుముడి అది కూడా కాదు. పాత ఇళ్లు పడిపోతాయి, అది లోకసహజం. అర్మగాను దగ్గర ఇసుక మేట చాటున ఓడలు లంగరు వేసుకోవడానికి వీలుంది. మద్రాసులో అలాంటిదేమీ లేదు. అక్కడ ఓడ దూరాన ఆగాల్సిందే. కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకూ మనుషులూ విరిగిపడే అలల మీదుగా ప్రాణాలు అరచేత పెట్టుకుని ఒడ్డు చేరాల్సిందే. చేతిలో ఉన్న చాటు రేవును వదులుకుని, ముందు చాటు లేని, వెనక లోతైన ఏరు లేని ఆ ఇసుకతిన్నె మీదికి ఓడ వ్యాపారులు ఎందుకు పోయారు? ఇల్లు ఎక్కడుండేదో తేల్చుకుంటూ పోతే ఈ ప్రశ్నకు జవాబు కూడా దొరుకుతుందని నా నమ్మకం. అందుకని ఆనవాళ్లను ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వస్తాను.

మొదటి ఆనవాలు దూరం. కంపెనీ కాగితాల ఆధారంగా రాసిన చరిత్రల్లో అర్మగాను పులికాట్‌కు ఉత్తరంగా 35 మైళ్లని కొందరు, 40 మైళ్లని కొందరు వేశారు. మద్రాసు నుంచైతే అరవై మైళ్లు పైచిలుకు. పటం మీద పులికాట్ నుంచి తీరం వెంబడి ఉత్తరానికి కొలవండి. శ్రీహరికోట దీవి మొత్తం దాటాక, స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, అరవై కిలోమీటర్లు పైబడిన చోట దుగరాజపట్నం తగులుతుంది. పాత నెల్లూరు జిల్లాలో, గూడూరు తాలూకా కింద ఉండిన ఊరు. ఇప్పుడు వాకాడు మండలం. పాత పుస్తకాలు దీన్ని దుర్గరాజపట్నం అన్నాయి. కృష్ణపట్నానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్లు.

రెండో ఆనవాలు ఆ ఇసుక మేటే. ఓడవాళ్లు తీరాన్ని గుర్తుపట్టేది ఒడ్డున కనిపించే గుడి గోపురం, తాటితోపు, కోట బురుజు వంటి వాటిని బట్టి. నీళ్లలో దాగిన మేటకు ఆ ఎదురుగా ఉన్న స్థలం పేరే పెడతారు. మేట సరిగ్గా ఈ తీరానికి ఎదురుగానే ఉంది. ఒడ్డున ఇల్లు పోయింది, మేట కదల్లేదు. కొత్త పటం గీసే ప్రతివాడూ పాత పటం చూసి పేరు దించుకున్నాడు. దాదాపు నాలుగు వందల ఏళ్లుగా ఆ పేరును బతికించినది వర్తకం కాదు, ఓడ ఒరిగిపోతుందన్న భయం.

మూడో ఆనవాలు పేరులోనే ఉంది. ఇంగ్లీషువాళ్లకు ఇక్కడ చోటు ఇప్పించడంలో ఆర్ముగ మొదలియార్ అనే స్థానికుడు సాయపడ్డాడనీ, ఆ కృతజ్ఞతతో తమ స్థావరానికి ఆయన పేరు పెట్టుకున్నారనీ పాత జిల్లా గ్రంథాల్లో ఉంది. ఇది నిజమైతే, ఊరివాళ్లు తమ ఊరిని ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదన్నమాట. అది కంపెనీ ఉత్తరాల్లో పుట్టిన పేరు. ఉత్తరాలు ఆగిపోగానే ఒడ్డున దాన్ని పలికే నోరు లేకుండా పోయింది. ఊరు తన పాత పేరుతో తను ఉండిపోయింది. మూడు ఆనవాళ్లూ దుగరాజపట్నం దగ్గరే కలుస్తున్నాయి. చోటు తేలింది.

ఇక ఆ చోటే ఎందుకన్నది.

ఈ తీరంలో అంతకు ముందే పేరున్న రేవు కృష్ణపట్నం. 13వ శతాబ్దిలో నెల్లూరు తెలుగు చోడుల కాలం నాటికే అది వర్తకుల పట్టణం. కొల్లితురై అనీ, గండగోపాలపట్టణమనీ అక్కడి శాసనాల్లో పేర్లున్నాయి. అయినా కంపెనీ అక్కడ దిగలేదు. కండలేరు పాయ ముఖద్వారం చిన్న పడవలకు మేలైనదే గాని, ఇసుక అడ్డుపడే ఏటి నోట్లోకి మహాసముద్రాలు దాటే బరువైన ఓడ దూరలేదు. వాళ్లకు కావలసింది బయటే, లోతు నీళ్లలోనే దొరికే చాటు. మేట వల్ల అది దుగరాజపట్నం ఎదుట దొరికింది.

సముద్రం సంగతి ఇదైతే, రాజకీయం సంగతి వేరే. 1611లో 'గ్లోబ్' అనే ఓడ మీద ఇంగ్లీషువాళ్లు ఈ తీరానికి తొలిసారి వచ్చినప్పుడు ముందుగా ఆగింది పులికాట్‌లోనే. మనవాళ్లు ప్రళయకావేరి అని పిలుచుకునే ఆ సరస్సు మొగలో డచ్చివాళ్లు అప్పటికే పాతుకుని ఉన్నారు. దిగనివ్వలేదు. ఓడ నిజాంపట్నం వెళ్లి, అక్కణ్నుంచి బందరు చేరింది. బందరులో స్థావరం అలా మొదలైంది. 1613 నాటికి డచ్చివాళ్లు పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1619లో యూరప్‌లో రెండు కంపెనీల మధ్యా ఒడంబడిక జరిగి, 1621లో ఇంగ్లీషువాళ్లు పులికాట్‌లో కాలు పెట్టారు. కోట కాపలా ఖర్చులో సగం వాళ్లది, పెత్తనం మాత్రం డచ్చివాళ్లది. రెండేళ్లకే, 1623లో, మూటాముల్లే సర్దుకున్నారు. ఆ ఏడే ఇండోనేషియాలోని అంబోయ్నాలో డచ్చివాళ్లు ఇంగ్లీషు వర్తకుల తలలు నరికించారు. ఇక కలిసి ఉండే మాట లేదు.

ఉత్తరాన బందరు గోల్కొండ సుల్తాను చేతిలో ఉంది. అక్కడి అధికారుల వసూళ్లు భరించడం కష్టంగా ఉంది. దక్షిణాన పులికాట్ డచ్చివాళ్లది. ఈ రెంటి మధ్యా గోల్కొండ ఏలుబడికి బయట, చంద్రగిరి, వేలూరు వైపు నుంచి పాలించే ఆరవీటి రాజుల నీడలో, స్థానిక నాయకుల చేతిలో ఉన్న తీరం ఇది. 1614లో వెంకటపతి రాయలు పోయాక వారసత్వ యుద్ధంతో విజయనగరం అప్పటికే చీలికలు పేలికలైంది. పెద్ద రాజు దూరం, చిన్న నాయకుడు దగ్గర. కొత్తగా వచ్చిన వర్తకుడు మాట్లాడుకోవడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. పుస్తకాల్లో ఈ స్థావరం 1625లో మొదలైందనీ 1626లో మొదలైందనీ రెండు మాటలూ ఉన్నాయి. అప్పట్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ కాలపు కాగితాలు చదివేవాళ్లకు జనవరి, ఫిబ్రవరి తేదీలతో ఈ తికమక అలవాటే.

ఆ ఇల్లు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి కొంచెం ఆధారముంది. అప్పటి కంపెనీ ఫ్యాక్టరీ అంటే యంత్రాలు తిరిగే చోటు కాదు. కంపెనీ గుమాస్తాలు కాపురముండే ఇల్లు, బట్టల మూటలు దాచే గిడ్డంగి, లెక్కల గది, వాటి చుట్టూ గోడ. 1628 సెప్టెంబరులో బందరు అధికారుల పోరు పడలేక ఇంగ్లీషువాళ్లు అక్కడి నుంచి లేచి అర్మగాను వచ్చేశారు. ఆ రోజుల లెక్క ప్రకారం ఇంటి చుట్టూ 12 ఫిరంగులు, లోపల గుమాస్తాలూ సైనికులూ అంతా కలిపి 23 మంది. ఇంత కొద్దిమందికి అన్ని ఫిరంగులెందుకంటే, వాటి మూతులు ఒకవైపుకే తిప్పి లేవు. సముద్రం మీంచి డచ్చి ఓడ రావచ్చు, నేల మీంచి నాయకుడి మనుషులు రావచ్చు. ఆ ఇరవైముగ్గురూ రెండు వైపులా చూసుకుంటూ బతికారు.

ఆ అంకెను గుర్తుపెట్టుకోండి. దానితో పని ఉంది.

ఇప్పుడు బట్టల దగ్గరికి రావాలి. నా ఉద్దేశంలో ఈ చిక్కుముడి గుండెకాయ అదే. ఇంగ్లీషువాళ్లు ఈ తీరానికి వచ్చింది మిరియాల కోసం. మిరియాలు ఇక్కడివి కావు, జావా దీవి బాంటమ్ రేవులోవి. అక్కడి వర్తకులకు ఇంగ్లండు ఉన్ని అక్కర్లేదు. తెలుగు తీరపు నూలుబట్ట కావాలి, చిరివేరు ఎరుపుతో అద్దిన చీటీగుడ్డ కావాలి. అందుకని ఇక్కడ బట్ట కొని, అక్కడ మిరియాలకు మార్చి, ఆ మిరియాలు లండన్‌లో అమ్మాలి. ఈ గొలుసులో తొలి లంకె నేతగాడి మగ్గం. కంపెనీ గుమాస్తా నేరుగా మగ్గం దగ్గరికి పోడు. స్థానిక వర్తకుడికి ముందుగా డబ్బిస్తాడు, ఆ వర్తకుడు ఊరూరా సాలెలకు బయానా ఇస్తాడు, నెలల తర్వాత గుడ్డ గిడ్డంగికి చేరుతుంది. ఓడలు మాత్రం గాలిని బట్టి వచ్చి గాలిని బట్టి పోతాయి. అక్టోబరు వచ్చి ఈశాన్య గాలి తిరిగేలోగా ఈ తీరం వదలాలి. ఆలోగా గిడ్డంగి నిండకపోతే ఓడ సగం ఖాళీగా వెళ్తుంది, ఆ ఏడాది లాభం పోతుంది.

అర్మగాను వెనక ఏముంది? ఉప్పునీటి పాయలు, ప్రళయకావేరి ఉత్తరపు కొస, ఇసుక దిబ్బలు, చిత్తడి నేలలు. వాటిని దాటితేనే నిండుగా మగ్గాలున్న పల్లెలు. అక్కడి నుంచి మూటలు ఒడ్డుకు చేర్చడమే ఒక ప్రయాణం. అద్దకానికి పేరుపడ్డ ఊళ్లు కృష్ణా ముఖద్వారం వైపు ఉన్నాయి. మంచి నూలుబట్ట దొరికేది దక్షిణాన, మైలాపూరు, కాంచీపురం వైపు పల్లెల్లో. ఈ రెంటికీ మధ్యలో, రెంటికీ దూరంగా ఉంది అర్మగాను. సముద్రం వైపు నుంచి చూసే ఓడ కెప్టెన్‌కు ఇది మంచి చోటు. నేల వైపు నుంచి చూసే లెక్కల గుమాస్తాకు ఇది తప్పుడు చోటు. గిడ్డంగి నింపాల్సింది గుమాస్తానే.

1632లో ఇంకో దెబ్బ తగిలింది, అదీ మంచివార్త రూపంలో. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషువాళ్లకు బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, తన రేవుల్లో సుంకాల బాధ లేకుండా వ్యాపారం చేసుకోవచ్చు. బందరు మళ్లీ తెరుచుకుంది. దాని నుంచి తప్పించుకోవడానికే కదా అర్మగాను కోటకు అంత విలువ వచ్చింది. బందరు కుదుటపడగానే ఈ ఇల్లు దండగ ఖర్చుగా కనిపించసాగింది. గోడలు పాడవుతున్నాయి, బాగుచేయాలంటే డబ్బు కావాలి. పంపాల్సిన పెద్దలు బాంటమ్‌లోనూ సూరత్‌లోనూ ఉన్నారు.

అప్పుడు ఈ ఇంటి పెద్దగా ఉన్నవాడు ఫ్రాన్సిస్ డే. మద్రాసు చరిత్ర చదివిన ప్రతివాడికీ తెలిసిన పేరే. ఆయన మద్రాసు స్థాపకుడిగానే అందరికీ గుర్తు. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆయన నెల్లూరు తీరంలో, ఈ ఇసుకలో, ఈ గోడల మధ్య గడిపాడన్నది పుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెట్టేస్తారు. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యంలోనే మద్రాసు ఎందుకు పుట్టిందో కనిపిస్తుంది. గిడ్డంగి నిండని ఇంటికి యజమానిగా ఉండడమంటే ఏమిటో డేకు అనుభవం. ఆయన కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణంగా బయలుదేరి పాండిచ్చేరి దాకా తీరమంతా చూశాడు. అర్మగాను అనుభవం లేనివాడైతే రేవును చూసేవాడు. డే రేవు చూడలేదు, ధర చూశాడు. మద్రాసపట్నం చుట్టుపక్కల నూలుబట్ట మరెక్కడికన్నా 20 శాతం చవకగా దొరుకుతుందని ఆయన లెక్క తేల్చాడు.

ఆ నేల వందవాసి పాలకుడు దామర్ల వెంకటాద్రి నాయకుడిది. కొన్ని కాగితాల్లో వెంకటప్ప అని ఉంటుంది. తెలుగు వెలమ వీరుడు. తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో ఉండేవాడు. వీళ్ల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదనే తర్వాత చెన్నపట్నం వచ్చింది. ఈ కుటుంబంలోనే దామర్ల అంకభూపాలుడు ఉషాపరిణయం రాశాడు. 1639 ఆగస్టు నాటి పట్టాలో నాయకుడు కోట కట్టుకునే హక్కు, నాణెం ముద్రించుకునే హక్కు, కంపెనీ సరుకుకు సుంకం మినహాయింపు, రేవు రాబడిలో సగం రాసిచ్చాడు. పరిపాలన హక్కు రెండేళ్లకు. అర్మగానులో నాయకుడి అడుగులకు మడుగులొత్తుతూ బతికిన మనిషికి ఈ పట్టా చేతికొస్తే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. నాయకుడికీ కారణాలున్నాయి. పులికాట్ డచ్చివాళ్ల వల్ల పక్క నాయకులకు వస్తున్న గుర్రాలూ డబ్బూ తన రేవుకూ రావాలి. ఇద్దరి అక్కరా కలిసింది.

1640 ఫిబ్రవరి 20న 'ఈగిల్', 'యూనిటీ' అనే ఓడల మీద ఫ్రాన్సిస్ డే, బందరు ఏజెంటు ఆండ్రూ కోగన్ మద్రాసు ఒడ్డున దిగారు. వెంట కొందరు గుమాస్తాలు, మందుగుండు తయారుచేసే నాగభట్టు, పాతిక మంది దాకా యూరోపియన్ సైనికులు. వాళ్లకు లెఫ్టినెంట్ జెర్మిన్, సార్జెంట్ జెఫ్రీ బ్రాడ్‌ఫర్డ్ నాయకులు. ఇక్కడ ఇందాకటి అంకెను పక్కన పెట్టి చూడండి. 1628లో అర్మగానులో గుమాస్తాలతో కలిపి 23 మంది. 1640లో మద్రాసులో దిగిన సైనికులు 25 మంది లోపు. ఈ తీరమంతటా అప్పటికి ఇంగ్లీషు కావలిదండు పెట్టుకున్న కోట ఒక్కటే, అది అర్మగాను. అదే ఏడు అర్మగాను ఖాళీ అయింది. ఏప్రిల్ 23న, సెయింట్ జార్జి పండుగ నాటికి, మద్రాసు కోటలో తొలి భాగం పూర్తయిందని చెబుతారు. నెల్లూరు తీరం నుంచి ఒక కోట లేచి వెళ్లి వంద కిలోమీటర్ల అవతల మళ్లీ నిలబడిందని నేననడం అతిశయోక్తి కాదు. మనుషులు వాళ్లే, పని అదే, పెద్ద ఆయనే. మారింది వెనకున్న నేల.

కోట ఏమైందన్న ప్రశ్నకు ఇంగ్లండులో పోయిన పెద్ద ఇళ్ల చరిత్ర ఒక దారి చూపిస్తుంది. లండన్ పక్కన మిడిల్‌సెక్స్‌లో చాండోస్ డ్యూక్ జేమ్స్ బ్రిడ్జెస్ 18వ శతాబ్ది మొదట్లో కానన్స్ అనే భవనం కట్టాడు. సంగీతకారుడు హాండెల్‌ను ఆస్థానంలో పెట్టుకున్నంత వైభవం. సౌత్ సీ కంపెనీ షేర్లు 1720లో కుప్పకూలాక ఆ సంపద కరిగిపోయింది. కొడుకు 1747లో భవనాన్ని ముక్కలు ముక్కలుగా వేలం వేశాడు. కానన్స్ ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే పరిశోధకులు అది ఉన్న చోటు కన్నా దాని మెట్లూ స్తంభాలూ చేరిన చోట్లు ఎక్కువ వెతుకుతారు. 20వ శతాబ్దిలో ఇంగ్లండులో అలాంటి ఇళ్లు వందల్లో కూలాయి. 1974లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాటి మీద ఒక ప్రదర్శనే పెట్టింది. 1870ల తర్వాత అమెరికా గోధుమలు వచ్చిపడి ఇంగ్లండు భూముల కౌళ్లు పడిపోయాయి, ఆపైన వారసత్వ పన్నులు పెరిగాయి, రెండు యుద్ధాలు వచ్చాయి. గోడలు గట్టిగానే ఉన్నాయి. వాటిని పోషించే ఎస్టేటు చచ్చిపోయింది. అర్మగాను చిన్న ఇల్లే గాని జబ్బు ఇదే.

ఆ చాండోస్ పేరు మన తీరానికి కూడా వచ్చింది, ఈ కథకు పక్క నుంచే అయినా చెప్పాలనిపిస్తోంది. ఆ బిరుదు పెళ్లి సంబంధం ద్వారా బకింగ్‌హాం డ్యూకుల వంశానికి చేరింది. రెండో డ్యూక్ అప్పులపాలై 1848లో తన స్టోవ్ భవనంలోని సామానంతా వారాల తరబడి వేలం వేసుకున్నాడు. ఆయన కొడుకు, మూడో డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం అండ్ చాండోస్, 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు. 1876-78 మహా కరవులో జనానికి పని చూపించడానికి మద్రాసులో తవ్వించిన ముక్కతో కలిపి తీరపు కాలువకు ఆయన పేరు పెట్టారు. కృష్ణపట్నం పక్క నుంచి, దుగరాజపట్నం పక్క నుంచి, ప్రళయకావేరి గుండా మద్రాసు పోయే మన బకింగ్‌హాం కాలువ అదే. కరవు కూలీల చెమట కూడా కలిసిన ఆ కాలువ మీద పడవలు ఉప్పూ కట్టెలూ మద్రాసుకు మోశాయి. అర్మగాను గుమాస్తాలకు లేని నీటిదారి, రెండు వందల ఏళ్లు దాటిన ఆలస్యంతో.

కానన్స్ దారిలో చూస్తే, అర్మగాను ఇంటిని దుగరాజపట్నం ఇసుకలో వెతికితే దొరికేది తక్కువ. మనుషులూ ఫిరంగులూ ఓడెక్కే సరుకు. వదిలేసిన ఇటుకా కట్టే ఊళ్లో ఎవరికైనా పనికొచ్చే సరుకు. తీరంలో రాయి దొరకని చోట పాత గోడే గని. ఆపైన తుపాన్లు, కదిలే ఇసుక, మారే మొగలు. పద్నాలుగేళ్లు మాత్రమే బతికిన ఇల్లు అంతకన్నా ఎక్కువ ఆనవాళ్లు మిగల్చదు. దాని అసలు శిథిలం చెన్నైలో ఉంది, పెరిగి పెద్దదై. కొత్త కోట చుట్టూ కొద్దికాలంలోనే 400 దాకా నేత కుటుంబాలు కాపురానికి వచ్చాయని కంపెనీ వాళ్లే రాసుకున్నారు. అర్మగానుకు పద్నాలుగేళ్లలో రానిది అక్కడ అంత త్వరగా వచ్చింది. అయినా లండన్ పెద్దలకు ఇది వెంటనే రుచించలేదు. అనుమతి లేకుండా కోట కట్టి డబ్బు తగలేశారని కోగన్‌ను విచారించి, చివరికి తప్పు లేదని వదిలేశారు.

సముద్రం మాత్రం ఊరుకోలేదు. మద్రాసును పట్టుకున్న ఫ్రెంచివాళ్ల ఓడలు 1746 అక్టోబరులో చాటు లేని ఆ రేవులో తుపానుకు చిక్కి ధ్వంసమయ్యాయి. 19వ శతాబ్దిలో రాయల్ నేవీ తూర్పు దేశాల నౌకాదళాధిపతి సర్ హెన్రీ బ్లాక్‌వుడ్ పేరు మీద అర్మగాను మేట చాటునున్న నీళ్లను బ్లాక్‌వుడ్స్ హార్బర్ అన్నారు. పెద్ద ఓడలకు ఆశ్రయమిచ్చే చోటు ఈ తీరంలో ఉందని నావికులకు తెలుసు. అయినా నగరం కదలదు కదా. 1875లో మద్రాసు హార్బరుకు శంకుస్థాపన చేశారు. సముద్రంలోకి చేతులు చాచినట్టు కట్టిన గోడలను 1881 నవంబరు తుపాను విరగ్గొట్టింది. మళ్లీ కట్టారు. ప్రకృతి ఇవ్వని రేవును డబ్బు పోసి తయారుచేసుకున్నారు, ఎందుకంటే ఆపాటికి మద్రాసు వెనక ఒక దక్షిణ భారతం ఉంది.

2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్లో దుగరాజపట్నం పేరు కనిపించినప్పుడు నెల్లూరు జనం ఎంత సంబరపడ్డారో ఈ ప్రాంతం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. కేంద్రం అక్కడ కొత్త మేజర్ పోర్టు కట్టాలి, 2018 చివరికల్లా మొదటి దశ పూర్తి చేయాలి అని చట్టంలో రాశారు. మొదటి దశ రాలేదు. పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం భద్రత, పులికాట్ పక్షుల అభయారణ్యం అడ్డొచ్చాయి. వాటికి తోడు, ముప్పై కిలోమీటర్లు ఉత్తరాన అప్పటికే కృష్ణపట్నం పనిచేస్తోంది.

2008లో మొదలైన ఆ రేవుకు మేట చాటు లేదు, కండలేరు నోరు ఇరుకు. తవ్వి 18 మీటర్ల లోతు చేసుకున్నారు. రేవు పక్కనే నేలటూరులో బొగ్గుతో నడిచే దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. వెంకటాచలం దగ్గర చెన్నై ప్రధాన రైలుమార్గానికి కలుపు ఉంది. 2019 సెప్టెంబరులో కడప జిల్లా ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా కొత్త రైలుమార్గం ప్రారంభమైంది. వెలికొండలను తొలిచి ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం వేశారు. రాయలసీమ నుంచి వచ్చే సరుకు బండి ఇప్పుడు కొండ చుట్టూ తిరగకుండా, కొండ లోపల నుంచి నేరుగా కృష్ణపట్నం ఒడ్డుకు చేరుతోంది.